ఎత్తుకు ముఖం పెట్టిన బస్సు

మొన్న, చాలా ఏళ్ల తర్వాత, ఇప్పలగూడెం హాల్టు బస్సు మళ్లీ నా చేతికి వచ్చింది. ఆ రూటు డ్రైవరు కాలు బెణికి సెలవు పెడితే డిపోలో నన్ను వెళ్లమన్నారు. సాయంత్రం భద్రాచలం వంతెన దాటి, దుమ్ముగూడెం వదిలి, అడవి దారిలో పడేసరికి చిరువాన కురిసి వెలిసింది. ఊళ్లోకి మలుపు తిరగ్గానే తడిసిన ఎర్రమట్టి వాసన, దాని వెనకే ఎవరింట్లోనో చింతచిగురు పప్పుకు పెట్టిన తాలింపు వాసన కిటికీలోంచి లోపలికి వచ్చాయి. ఆ రెండూ కలిసి ముక్కుకు తగిలాయో లేదో, నా ఎడమ చెయ్యి గేరు రాడ్డు వదిలి ఛాతీ మీదికి పోయింది. అక్కడ మంటేమీ లేదు. చాలా ఏళ్లుగా పెద్దగా లేదు. చేతికి మాత్రం పాత అలవాటు గుర్తుంది.

హాల్టు బస్సంటే తెలియనివాళ్లకు చెప్పాలి. సాయంత్రం ఆఖరి ట్రిప్పుగా ఊరికి చేరి, తెల్లారేదాకా అక్కడే నిలిచి, పొద్దున్నే మొదటి ట్రిప్పుగా తిరిగొచ్చే బస్సు అది. డ్రైవరూ కండక్టరూ ఆ బస్సులోనే పడుకుంటారు. నేను ఊరి మధ్యలో చదునుగా ఉన్న బడి ముందు బండి ఆపబోతుంటే కండక్టరు వెనక నుంచి కేకేశాడు.

"ఆడ కాదు సార్! బోరింగు కాడ వాలుంటది, ఆడ పెట్టాలె. ముఖం ఎత్తుకు పెట్టి ఎనక టైర్లకు రాళ్లెయ్యాలె."

"ఎందుకయ్యా?"

"ఏమో సార్, నాకైతే తెల్వదు. ఈడ అందరు గట్లనే పెడ్తరు."

బోరింగు దగ్గర ఆ రెండు రాళ్లు అలాగే ఉన్నాయి. ఎవరో వాటికి సున్నం కూడా కొట్టారు. నాకు నవ్వొచ్చింది. ఆ వాలు మీద బస్సు నిలపడం ఒకప్పుడు నా కడుపు కోసం మొదలైన పని. మొదలుపెట్టినవాడు భద్రు. ఇప్పుడు భద్రు లేడు, ఆ రూటు మీద తిరిగే వాళ్లెవరికీ భద్రు ఎవరో తెలియదు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

భద్రు మా డిపోలో కండక్టరు. ఇల్లెందు వైపు ఒక తండాలో పుట్టాడు. ఇంట్లో లంబాడీ మాట, బస్సులో తెలుగు, ఆఖరి స్టేజీలు దాటాక అవసరానికి సరిపడా కోయ మాట. మనిషి బాగా పొడుగు. బస్సులో నిటారుగా నిలబడితే తల పైకప్పు కడ్డీకి తగిలేది కాబట్టి ఎప్పుడూ కాస్త మెడ వంచి నడిచేవాడు. అది చూసి మెతక మనిషి అనుకుని మోసపోయినవాళ్లు చాలామంది, వాళ్లలో నేనే మొదటివాణ్ణి. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నేను సత్యనారాయణని, అతను మొదటి రోజు నుంచీ "సత్తెం" అన్నాడు. నేను "భద్రన్నా" అన్నాను. ఆరేళ్లకు పైగా ఒకే బండి మీద తిరిగాం.

మాది సత్తుపల్లి దగ్గర. మా తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి మిరప తోటలు పెట్టిన కుటుంబం. కారం తినలేనివాణ్ణి మా ఇంట్లో మనిషిగా లెక్కెయ్యరు. పప్పన్నంలోకి కూడా పచ్చిమిరపకాయ కొరుక్కునే ఇల్లు. అందుకని ముప్పై ఆరో ఏట రొమ్ము ఎముక వెనక మంట మొదలైనప్పుడు నాకు ముందుగా వచ్చింది భయం కాదు, సిగ్గు. తర్వాత తెల్లవారుజామున పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నడం, దగ్గు, గొంతు బొంగురు. బోనకల్‌లో ఉండే మా చిన్నాయన చెప్పాడని మూడు నెలలు కారం మానేసి పెరుగన్నం తిన్నాను. మంట ఇంచు కూడా తగ్గలేదు, మా అమ్మ మాత్రం నన్ను జాలిగా చూడటం మొదలుపెట్టింది.

అసలు తప్పు ఎక్కడుందో అప్పుడు నాకు తెలియదు. మా డ్రైవర్లలో సగం మందికి ఒక నియమం ఉంటుంది. డ్యూటీ ఎక్కాక తినకూడదు, నీళ్లు ఎక్కువ తాగకూడదు. తింటే నిద్ర వస్తుంది, తాగితే అడవిలో బండి ఆపాల్సి వస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా టీలతోనే లాగేస్తాం. కొత్తగూడెంలో ఒకటి, పాల్వంచలో ఒకటి, సారపాకలో ఒకటి, మధ్యలో బుగ్గన జర్దా. ఇదంతా క్రమశిక్షణ అనుకుని నేను గర్వపడేవాణ్ణి కూడా. హాల్టు చేరాక ముత్తమ్మ అనే కోయ ఆవిడ వండి తెచ్చిన అన్నం ఆకలికొద్దీ కుప్ప పోసుకుని తినేవాణ్ణి. తినగానే ఒళ్లు తెలియని అలసట. ఖాకీ బెల్టు కూడా విప్పకుండా తిన్నచోటే ఒరిగిపోయేవాణ్ణి.

మంట సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఉంది. మా డిపోలో నర్సయ్య అనే మంచి డ్రైవరుకు గుండె జబ్బు అని రాశారు. స్టీరింగు తీసేసి గేటు దగ్గర కుర్చీ వేశారు. వచ్చేపోయే బస్సుల నంబర్లు రాసుకుంటూ కూర్చునేవాడు. నేను బండి తీసుకుని గేటు దాటుతుంటే అతని చూపు నా చేతుల మీద ఉండేది, నా ముఖం మీద కాదు. నాకు చిన్నప్పటి నుంచీ ఒకటే కోరిక, పెద్ద బండి నడపాలని. స్టీరింగు లేకపోతే నేనేమిటో నాకే తెలియదు. నా ఛాతీలోది గుండె నొప్పో కాదో తెలుసుకోవాలంటే డాక్టరు దగ్గరికి పోవాలి, పోతే కాగితం మీద పడుతుంది. కాబట్టి తెలుసుకోకుండా ఉండటమే నయం అనుకున్నాను. మందుల షాపులో గులాబీ రంగు సిరప్పు, పేరు చదవకుండా మింగే మాత్ర, పైన గోలీసోడా. ఇదీ నా వైద్యం.

బస్సులో డ్రైవరు వెనక ఏం జరుగుతోందో అద్దంలో చూస్తాడు. అదే అద్దంలో వెనకున్నవాడికి డ్రైవరు కూడా కనిపిస్తాడన్న సంగతి నాకు తట్టలేదు.

"ఏంది సత్తెం, మాటిమాటికి ఛాతీ పట్టుకుంటున్నవ్?" అన్నాడు ఒకరోజు పాల్వంచ స్టాండులో.

"ఏం లేదన్నా, గ్యాసు. ఆ కొట్లో ఒక సోడా పట్రా, పోద్ది."

అతని ముఖం మారిపోయింది. "సోడా నేను తేను. కావాల్నంటే నువ్వే దిగి తెచ్చుకో" అన్నాడు.

ఎక్కలేని ముసలమ్మను చంకల కింద చేతులేసి ఎక్కించే మనిషి, ఎవరి పిల్ల ఏడ్చినా సీసా పట్టుకుని నీళ్లకు పరుగెత్తే మనిషి, నాకు ఒక సోడా తెచ్చిపెట్టనన్నాడు. నాకు ఒళ్లు మండింది. దిగి నేనే తెచ్చుకుని, అతని ముందే గటగటా తాగి, కావాలనే గట్టిగా తేన్చాను. మర్నాటి నుంచి అతను కొత్త అలవాటు మొదలుపెట్టాడు. పొద్దున్న బండి తీసే ముందు, బెల్లు తాడు పట్టుకుని, వెనక నుంచి అడిగేవాడు.

"మంటుందా?"

"లేదన్నా."

"రైట్."

ప్రతి పొద్దునా అంతే. నేను లేదన్న ప్రతిసారీ అతను ఒక క్షణం ఆగి గాని రైట్ అనేవాడు కాదు.

ఇలా నెలన్నర గడిచింది. ఒక పొద్దున్న హాల్టు నుంచి వస్తూ పాల్వంచ స్టాండులో ఆగాం. థర్మల్ స్టేషను షిఫ్టు దిగినవాళ్లు, కొత్తగూడెం కాలేజీకి పోయే ఆడపిల్లలు, బస్సు కిక్కిరిసి ఉంది. ఆరోజు మంట మెడ దాకా పాకింది. నుదుటి మీద చెమట. తుడుచుకుని ఇంజను స్టార్టు చేసి బెల్లు కోసం చూశాను. బెల్లు రాలేదు. అద్దంలో చూస్తే భద్రు తాడు పట్టుకుని నన్నే చూస్తున్నాడు.

"రైట్ చెప్పన్నా, టైమైంది."

"చెప్పను."

కండక్టరు రైట్ అనకుండా డ్రైవరు బండి కదపకూడదు. అది మా ఇద్దరికీ తెలుసు. బస్సులో వాళ్లంతా ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. భద్రు మెడ వంచుకుని జనం మధ్య నుంచి నడిచి నా కేబిను దగ్గరికి వచ్చాడు.

"దిగు సత్తెం. దవాఖానకు పోదాం, జల్దీ దిగు."

"గ్యాసని చెప్పాను కదా. జనం ముందు నా పరువు తీయకు."

"గ్యాసో ఏందో ఆళ్లు చూసి చెప్తరు. ఆళ్లు చెప్పిందాక నేను రైట్ అనను."

అప్పుడు నేనొక మాట అన్నాను. ఇన్నేళ్లయినా గుర్తొస్తే తల దించుకుంటాను. "టికెట్లు కొట్టుకునేవాడివి, స్టీరింగు సంగతి నీకేం తెలుసు?" అన్నాను, బస్సంతా వినేటట్టు. భద్రు చూపు తిప్పలేదు. కిటికీలోంచి ఎదుటి సోడా కొట్టు వైపు వేలు చూపించి, నాకు మాత్రమే వినపడేలా చెప్పాడు.

"యాకూబ్ భాయ్ అని, నీకంటే ముందు నా డ్రైవరు. ఎనిమిదేండ్లు ఒక్క బండి మీద తిరిగినం. గిట్లనే పట్టుకునేటోడు ఛాతీ. గ్యాసన్నడు, సోడా తెమ్మన్నడు. గా కొట్లనే తెచ్చి నేనే చేతిలవెట్టిన. సగం తాగి సీసా నాకు తిరిగిచ్చిండు. గంతే, మల్ల మాట్లాడలె." చూపించిన వేలు దించాడు. "నీది గ్యాసే కావచ్చు. నాకు తెల్వదు, నీకూ తెల్వదు. ఒకపారి తెల్వకనే సోడా తెచ్చిన. మల్ల తేను."

ఇంజను ఆపేశాను. భద్రు జనాన్ని వెనక వచ్చే బండికి ఎక్కించి, స్టాండులో కంట్రోలరు చేత "డ్రైవర్‌కు ఛాతీల నొప్పి" అని రాయించాడు. నేనింతకాలం ఏ మాట కాగితం మీద పడకూడదని దాచానో, ఆ మాట నా కళ్లముందే రాసేశారు. ఆటోలో పోతుంటే నాకు ఏడుపొచ్చింది. నొప్పికి కాదు. గేటు దగ్గర నర్సయ్య కుర్చీ పక్కన ఇంకో కుర్చీ కనిపించి.

దవాఖానాలో ముందు ఈసీజీ తీశారు, రక్తం తీశారు, రోజంతా పడుకోబెట్టి మళ్లీ తీశారు. అంతటితో వదల్లేదు. ఖమ్మం పంపి నడిపించి చూసే పరీక్ష కూడా చేయించారు. గుండె బాగుంది. ఆ మాట విన్నాక భద్రు వరండాలో గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. నేను పక్కనే కూర్చుని "అన్నా, ఆరోజు నోరు జారాను" అన్నాను.

"జారితే జారింది తియ్యి. నోరే గద, బండి కాదు గద" అన్నాడు.

గుండె కాకపోతే మరేమిటని కొత్తగూడెంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆమె నన్ను మొదట అడిగింది, మంట ఎప్పుడెప్పుడు వస్తుంది అని. "ఎప్పుడూ ఉంటుందమ్మా" అన్నాను. ఏం తిన్నప్పుడు వస్తుంది అంటే "ఏం తిన్నా వస్తుంది" అన్నాను. ఆమె పెన్ను కింద పెట్టేసింది. అప్పుడు భద్రు తోలు సంచిలోంచి మడత పెట్టిన కాగితాల కట్ట తీశాడు. అవి స్టేజీల కాగితాలు. ఏ స్టేజీలో ఎంతమంది ఎక్కారో దిగారో కండక్టర్లు రాసుకునేవి. ప్రయాణికుల వరుసలో అతను నన్ను రాసుకున్నాడు. నెలన్నర పాటు, రోజుకొక కాగితం.

డాక్టరమ్మ చదువుతుంటే నేను వంగి చూశాను. కొత్తగూడెం, టీ, ఖాళీ కడుపు. పాల్వంచ, టీ, జర్దా, చెయ్యి ఛాతీ మీద. సారపాక, టీ, దగ్గు మూడుసార్లు. భద్రాచలం, ఏం తినలె. హాల్టు, అన్నం మస్తు తిన్నడు, ఎంటనే పండిండు. ప్రతి కాగితం చివరా ఒకటే వరుస ఉంది. తెల్లారి, మంట లేదన్నడు, అబద్ధం.

నలభై చిల్లర కాగితాలు, నలభై చిల్లర అబద్ధాలు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. డాక్టరమ్మ మాత్రం కళ్లద్దాలు తీసి భద్రును చూసి, "ఇలా రాసుకు రమ్మని నేను అందరికీ చెప్తాను. ఇప్పటిదాకా ఒక్కరూ తేలేదు" అంది.

నోట్లోంచి సన్నటి గొట్టం దించి చూసే పరీక్ష కూడా చేశారు. అన్నం దిగే గొట్టం కింది భాగం ఒరుసుకుపోయి ఎర్రబడి ఉంది. ఆ గొట్టానికీ కడుపుకీ మధ్య ఒక కండరం తలుపులా ఉంటుందని, అది వదులైతే కడుపులోని ఆమ్లం పైకి తంతుందని, కడుపు దాన్ని తట్టుకుంటుంది గానీ గొట్టం తట్టుకోలేదని ఆమె చెప్పింది. నేను అర్థమైనట్టు తలూపాను. భద్రు నా ముఖం చూసి కనిపెట్టేశాడు.

"మన బండి ఎనక డోరు లెక్క సత్తెం. గొళ్లెం వదులైంది. మనుషులను కుక్కి ఎక్కిస్తే తెరుసుకుంటది. కుక్కినంక బండిని వాలుకు పెడితే మొత్తం బయట పడ్తరు. పొద్దుందాక ఖాళీగ తిప్పి, పొద్దుగూకినంక ఊరినంత ఎక్కిస్తున్నవ్ నువ్వు."

డాక్టరమ్మ నవ్వి, అంతకంటే బాగా తను చెప్పలేనంది. కారం మానమంటారా అని భయం భయంగా అడిగాను. "ఈ కాగితాల్లో కారం తిన్న రోజూ తినని రోజూ ఒకేలా ఉన్నాయి. మీకు శత్రువు ఖాళీ కడుపున టీ, జర్దా, కడుపు పగిలేలా తిని వెంటనే పడుకోవడం. ఇంకొకరికి కారమే కావచ్చు. మీకు ఏది పడదో మీ కాగితమే చెప్పాలి" అంది. మాత్ర టీ తాగాక వేసుకుంటున్నానంటే తల పట్టుకుంది. పరగడుపున వేసుకుని అరగంట ఆగి తినాలి, కొన్ని వారాల తర్వాత తనే చూసి తగ్గిస్తుంది, నా అంతట నేను ఏళ్ల తరబడి మింగకూడదు. తిన్న మూడు గంటల దాకా నడుం వాల్చకూడదు. మంచానికి తల వైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టాలి. మింగుతుంటే అడ్డుపడినా, విరేచనం నల్లగా అయినా, ఊరికే బరువు తగ్గినా, చెమటలు పట్టి ఛాతీ నొప్పి వచ్చినా, ఇది పాతదేలే అనుకోకుండా పరుగెత్తుకు రావాలి. భద్రు ఇవన్నీ కాగితం వెనక రాసుకున్నాడు. డిపో డాక్టరు నన్ను స్టీరింగుకు పనికొస్తానని రాయడానికి ఇంకో పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజులూ నర్సయ్య పక్కన గేటు దగ్గరే కూర్చున్నాను. అతనితో అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. పనికొస్తానన్న కాగితం అతనికే ముందు చూపించాను. చదివి నా వీపు మీద గట్టిగా చరిచాడు.

మళ్లీ డ్యూటీ ఎక్కాక అసలు పని మొదలైంది. ఇంట్లో మంచం కింద ఇటుకలు పెట్టుకున్నాను, పాల్వంచ బూడిద ఇటుకలు. హాల్టులో మంచం ఎక్కడిది? నేను సీటు మెత్తలు రెండు తల కింద పేర్చి పడుకున్నాను. మెడ విరిగి, కడుపు మడత పడి, మంట ఇంకా ఎక్కువైంది. భద్రు అదీ కాగితం మీద రాశాడు. మర్నాడు సాయంత్రం బండిని ఊరంతా తిప్పించాడు. బడి ముందు ఆపమన్నాడు, చావడి ముందు ఆపమన్నాడు. ఆపిన ప్రతిచోటా నీళ్ల సీసాను బస్సు నడిమి దారిలో అడ్డంగా పడుకోబెట్టి అది ఎటు దొర్లుతుందో చూశాడు. జనం తలుపు దగ్గర గుమిగూడి వింతగా చూస్తున్నారు. చివరికి బోరింగు దగ్గర వాలు మీద ముఖం ఎత్తుకు పెట్టి ఆపితే సీసా నిదానంగా వెనకసీటు దాకా దొర్లింది.

"ఇగ ఇదే నీ మంచం" అన్నాడు. వెనక టైర్లకు రెండు రాళ్లు తెచ్చి వేశాడు. కేబిను వైపు తల పెట్టి, నడిమి దారిలో చాప వేసుకుని, ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాను. చాలా నెలల తర్వాత తెల్లారేదాకా ఒక్క నిద్ర పోయాను.

తర్వాత ముత్తమ్మ దగ్గరికి వెళ్లి, అన్నం పొద్దుగూకకముందే తెచ్చివ్వమని అడిగాడు. చేను పని వదిలి తొందరగా రావాలంటే ఆమెకు కష్టమే. "అక్కా, నీ చింతపండు మూటలు, ఇప్పపువ్వు మూటలు సంతకు నేనే టాపెక్కించి నేనే దించుత" అని ఒప్పించాడు. చెప్పినట్టే మోశాడు కూడా, యాభై దాటిన మనిషి. పగలు తన క్యారేజీలోంచి పదకొండింటికి ఒక జొన్నరొట్టె, మధ్యాహ్నం మూడింటికి ఇంకో సగం, కాస్త తోటకూర నా చేతిలో పెట్టేవాడు. నా బెల్టు రెండు చిల్లులు వెనక్కి జరిపించాడు. జర్దా మానడమే అన్నిటికంటే కష్టమైంది. మానిన మొదటి నెలలో నేను అతన్ని తిట్టని రోజు లేదు, అతను నవ్వని రోజూ లేదు.

అయినా అది పూర్తిగా పోలేదు. ఒకసారి మా బావమరిది ఇంటి గృహప్రవేశంలో ఒళ్లు మరిచి తిని మర్నాడు మళ్లీ మొదటికొచ్చాను. ఇక నా వల్ల కాదన్నాను. భద్రు అన్నాడు: "ఇది పోయేది కాదు సత్తెం. ఎంటబెట్టుకొని తిరుగుడే. గేరు గట్టిగున్న బండి నడుపుతలేమా? దాని గుణం తెలుసుకొని నడుపుతం." అప్పటి నుంచి పొద్దున్న అతను అడిగితే నిజమే చెప్పాను. ఉందంటే బండి పది నిమిషాలు ఆగేది, నేను మాత్ర సంగతి, రాత్రి తిండి సంగతి చెప్పేవాణ్ణి. లేదంటే వెంటనే రైట్ అనేవాడు. ఆ మధ్యలో ఆగే క్షణం పోయింది.

ఒక తెల్లవారుజామున చెకింగు ఇన్‌స్పెక్టరు ఊడిపడ్డాడు. సెల్ఫ్ స్టార్టరు సరిగ్గా లేని బండ్లను దిగుడుకు ముఖం పెట్టి ఆపుతారు, తోస్తే దొర్లి స్టార్టు అవుతాయని. మాది ఎత్తుకు ముఖం పెట్టి ఉంది.

"ఏందయ్యా ఇది? బుద్ధున్నోడెవడన్న ఇట్ల పెడ్తడా? సెల్ఫ్ అందుకోకుంటే ఏం చేస్తరు?"

"బండి సెల్ఫ్ మంచిగనే ఉంది సారూ, డ్రైవర్‌దే జర వీకు" అన్నాడు భద్రు, మెడ వంచుకుని, అతి వినయంగా. ఇన్‌స్పెక్టరుకు సంగతంతా చెప్పాక ఆయన పుల్లటి తేన్పు ఒకటి తేన్చి, తనకూ అలాగే ఉంటుందని చెప్పి, ఏ డాక్టరమ్మ అని అడిగి రాసుకుని వెళ్లాడు.

తినడానికీ పడుకోవడానికీ మధ్య ఆ మూడు గంటలు నాకు మొదట్లో శిక్షలా ఉండేవి. భద్రు ఆ వేళలో బోరింగు గట్టు మీద కూర్చుని ఊరివాళ్లకు పింఛను అర్జీలు, బడి కాగితాలు రాసిపెట్టేవాడు. ఊరికే కూర్చోలేక నేనూ రాయడం మొదలుపెట్టాను. ఎవరి భూమి ఎక్కడ పోయింది, ఎవరి కూతురు హాస్టల్లో ఎందుకు ఉండనంటోంది, ముత్తమ్మ భర్త ఏ వాగులో కొట్టుకుపోయాడు, అన్నీ అక్కడే తెలిశాయి. అంతకుముందు మూడేళ్లు ఆ ఊళ్లో పడుకున్నాను, ఒక్క మనిషి పేరు తెలియదు. ఈరోజు నేను నాలుగు వాక్యాలు కుదురుగా రాయగలుగుతున్నానంటే ఆ మూడు గంటల వల్లే. భద్రు నా కడుపు ఒక్కటే బాగుచేశాడని అందరూ అనుకుంటారు. నాకు తెలుసు, అతను నాకు చూడటం నేర్పాడు. అద్దంలో వెనకవాళ్లను చూడటం మా ఉద్యోగం. కానీ ఒక మనిషి చెయ్యి ఎక్కడికి పోతోందో, లేదన్న మాటలో ఉన్నదేమిటో కనిపెట్టడం ఏ డ్రైవింగు స్కూల్లోనూ చెప్పరు.

భద్రు రిటైరైన రోజు డిపోలో శాలువా కప్పారు. మాట్లాడమంటే "సత్తెం మాట్లాడుతడు" అని కూర్చున్నాడు. నేను లేచి ఏం మాట్లాడానో గుర్తులేదు, ముక్కు తుడుచుకున్నది మాత్రం గుర్తుంది. నాలుగేళ్లకు జ్వరం వచ్చి పోయాడు. కబురు అందేసరికి నేను హైదరాబాదు డ్యూటీలో ఉన్నాను, చివరి చూపు దక్కలేదు. తండాకు వెళ్లేసరికి అన్నీ అయిపోయాయి. వాళ్లమ్మాయి అతని తోలు సంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో ఆ కాగితాల కట్ట ఉంది. నెలన్నరవే కావు. తర్వాతవి కూడా, మేం కలిసి తిరిగిన ఆఖరి రోజు దాకా. ఆఖరి ఏడాది కాగితాల్లో తెల్లారి వరుసలో ఒకటే మాట ఉంది: లేదన్నడు, నిజమే.

మొన్న సాయంత్రం పొద్దు పూర్తిగా వాలకముందే ముత్తమ్మ గిన్నెతో వచ్చింది. బాగా ముసలిదైపోయింది. "నువ్వా, మంట డ్రైవరువి!" అని గుర్తుపట్టి నవ్వింది. ఈ కొత్త డ్రైవర్లు ఇంత తొందరగా తెస్తే చల్లారిపోద్దని గునుస్తారట. "భద్రు పెట్టిన టైము, నేను మార్చ" అంటుందట. ఈ కండక్టరుకు ఆ భద్రు ఎవరో తెలియదు. తిన్నాక బోరింగు గట్టు మీద కూర్చుని అతనికి ఇదంతా చెప్పాను. అతను విని, బస్సు కింద ఉన్న తెల్లటి రాళ్ల వైపు చాలాసేపు చూశాడు.

పొద్దున్నే రాళ్లు పక్కకు తీసి కండక్టరు బండెక్కాడు. మూటలెక్కాయి, మనుషులెక్కారు. తలుపు పడింది. బెల్లు రెండుసార్లు మోగింది. నేను హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నాను.

"సార్, రైట్ చెప్పిన గద?" వెనక నుంచి అడిగాడు.

రైట్ కంటే ముందు అడగాల్సిన మాట ఇంకొకటుంది. నేను అద్దంలోకి చూశాను. కడ్డీకి తగలకుండా మెడ వంచి నిలబడ్డ మనిషి ఎవరూ లేరక్కడ.

"లేదన్నా" అన్నాను పెదవుల మీదే. అది నిజం. బ్రేకు వదిలాను.